గాలి తగ్గిందా, తీశారా?

కోతలైపోయి ధాన్యం కల్లాల్లో ఉన్న రోజుల్లో గోదావరి డెల్టాలో ఏ ఊరు వెళ్లినా ఒక గొడవ మామూలే. రైతు సేవా కేంద్రంలో మీటర్ పెడితే తేమ 17 లోపే చూపిస్తుంది. అదే ధాన్యం మిల్లుకి చేరాక అక్కడి మీటర్ 19 అంటుంది, ఒక్కోసారి 20 అంటుంది. ప్రభుత్వం కొనాలంటే 17 శాతం దాటకూడదు. మధ్యలో రాత్రంతా మంచు పడిందా, గుప్పెడు గింజలు బస్తా పైనుంచి తీశారా అడుగు నుంచి తీశారా, ఆ మీటర్‌ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్నవి ఎవరూ రాసిపెట్టరు. కాగితం మీద మిగిలేది చివరి అంకె ఒక్కటే. కోత పడేది రైతుకి.

ఈ తగాదా ఒక్కసారైనా దగ్గర నుంచి చూసినవాళ్లకి, అమెరికాలో 2015లో బంతుల్లో గాలి గురించి నడిచిన రచ్చ అర్థం కావడానికి ఆ ఆట రూల్స్ తెలియక్కర్లేదు. పత్రికలు దానికి 'డిఫ్లేట్‌గేట్' అని పేరు పెట్టాయి. ఎన్ఎఫ్ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, తన ఆటలో అతి పెద్ద స్టార్ టామ్ బ్రేడీ మీద, అతని జట్టు న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్ మీద చర్య తీసుకుంది. బంతుల్లోంచి కావాలని గాలి తీయించారన్నది అభియోగం. గాలి తక్కువైన బంతి మెత్తగా ఉంటుంది, చేతికి పట్టు బాగా దొరుకుతుంది, చలిలో, వానలో విసరడం తేలిక. అక్కడ బంతిని విసిరేవాడే జట్టుకి ప్రాణం కాబట్టి, నిజమైతే అది చిన్న తప్పేం కాదు.

బ్రేడీ చేశాడా లేదా అన్నది అభిమానుల వాదన. అది పదేళ్లయినా తేలలేదు, తేలదు కూడా. తేల్చదగ్గ ప్రశ్న వేరే ఉంది. లీగ్ దగ్గరున్న కొలతలు ఆ శిక్ష బరువు మోయగలవా?

2015 జనవరి 18న మసాచుసెట్స్‌లోని ఫాక్స్‌బరోలో ఇండియానాపోలిస్ కోల్ట్స్‌తో మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి వెళ్తారు. రూల్ ప్రకారం బంతిలో గాలి 12.5 నుంచి 13.5 పీఎస్ఐ మధ్య ఉండాలి. మన పంక్చర్ షాపు భాషలో పన్నెండున్నర పాయింట్ల నుంచి పదమూడున్నర దాకా అన్నమాట. ఇక్కడ ఇంకో వింత ఉంది. ఆ లీగ్‌లో ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు సొంత బంతులు వాడుతుంది. పూర్వం ఆతిథ్య జట్టే బంతులన్నీ ఇచ్చేది. 2006లో బంతి విసిరే ఆటగాళ్లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌లు, అడిగి మరీ రూల్ మార్పించుకున్నారు, అడిగినవాళ్లలో బ్రేడీ కూడా ఉన్నాడు. కోనసీమలో సంక్రాంతి టోర్నమెంట్‌కి కూడా కమిటీ వాళ్లే బంతులు కొని, ప్యాకెట్ చింపి అంపైర్ చేతిలో పెడతారు. కోట్ల డాలర్ల లీగ్‌లో మాత్రం ఎవరి బంతి వాళ్లదే. అనుమానానికి విత్తనం అక్కడే పడింది.

బంతుల మీద కన్నేసి ఉంచమని కోల్ట్స్ వాళ్లు మ్యాచ్‌కి ముందే లీగ్‌కి చెప్పారు. అంటే లీగ్‌కి ముందే తెలుసు. అయినా మ్యాచ్‌కి ముందు రిఫరీ వాల్ట్ ఆండర్సన్ బంతుల్లో గాలి చూసినప్పుడు ఆ అంకెలు ఎక్కడా రాసుకోలేదు. పేట్రియాట్స్ బంతులు 12.5 దగ్గర, కోల్ట్స్ బంతులు 13 దగ్గర ఉన్నాయన్నది ఆయన జ్ఞాపకం మాత్రమే.

రెండో క్వార్టర్‌లో బ్రేడీ విసిరిన బంతి ఒకటి కోల్ట్స్ ఆటగాడి చేతిలో పడింది. అది మెత్తగా ఉందని గోల మొదలై, విరామంలో అధికారులు బంతుల సంచులు గదిలోకి తెప్పించారు. ఇద్దరు అధికారులు, చెరో గేజీ. ఒకరి తర్వాత ఒకరు అదే బంతిలో సూది గుచ్చి చూస్తున్నారు. అదే బంతికి ఒక గేజీ 11.50 అంటే రెండోది 11.80 అంటోంది. ఇంకో బంతికి 10.50, 10.90. ఇలా పేట్రియాట్స్ బంతులు పదకొండూ చూశారు. ఒక గేజీ మీద సగటు 11.49, రెండో దాని మీద 11.11. ఆ తర్వాత కోల్ట్స్ బంతులు మొదలుపెట్టారు. నాలుగు చూసేసరికి విరామం అయిపోవచ్చింది. మిగతావి వదిలేశారు. ఆ నాలుగింట్లో కూడా మూడు, ఒక గేజీ ప్రకారం 12.5 కంటే తక్కువే ఉన్నాయి. ఆ మూడింటి సంగతి ఎవరికీ పట్టలేదు.

గాలి ఎందుకు తగ్గుతుందో డెల్టాలో లారీ నడిపేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఎండలో పెట్టించిన గాలి, పుష్యమాసం తెల్లవారుజామున పొగమంచులో చూస్తే తక్కువ చూపిస్తుంది. కారు టైరులో 32 పాయింట్లు పెట్టిస్తే, పది డిగ్రీల చలికి ఒకటిన్నర పాయింటు దానంతటదే పడిపోతుంది. ఎవరూ తీయలేదు, ఎక్కడా లీకు లేదు. లోపలున్న గాలి చల్లబడింది, అంతే. ఇది ఇంటర్ ఫిజిక్స్ లెక్క. ఒక్క మెలిక గుర్తుంచుకోవాలి: గేజీ చూపించేది బయటి గాలి ఒత్తిడి కంటే ఎంత ఎక్కువుందో మాత్రమే. కాబట్టి లెక్క కట్టేటప్పుడు దానికి 14.7 కలపాలి.

ఆ రోజు బంతుల్లో గాలి చూసిన గది సుమారు 22 డిగ్రీలు. మైదానం వానతో 9 డిగ్రీలు. 12.5కి 14.7 కలిపితే 27.2. ఉష్ణోగ్రత 295 కెల్విన్ నుంచి 282కి పడితే అది 26 అవుతుంది. 14.7 తీసేస్తే 11.3. అంటే ఏ పాపం తెలియని బంతి కూడా 11.3 చూపించాలి. లీగ్ కోసం పనిచేసిన ఎక్స్‌పోనెంట్ సంస్థ శాస్త్రవేత్తలు కూడా 11.32 నుంచి 11.52 వరకు అని తేల్చారు. ఒక గేజీ సగటు 11.49 ఆ పరిధిలోనే ఉంది. రెండో గేజీ సగటు 11.11 కాస్త కిందుంది. కేసంతా ఈ రెండింటి మధ్య సందులోనే నడిచింది. కాబట్టి మ్యాచ్‌కి ముందు రిఫరీ వాడింది ఏ గేజీ అన్నదే అసలు విషయం.

ఆండర్సన్ దగ్గరున్న రెండు గేజీల్లో ఒకదాని మీద కంపెనీ లోగో ఉంది, సూది పొడవుగా వంకరగా ఉంటుంది. రెండోదాని మీద లోగో లేదు. లోగో ఉన్నది రెండోదాని కంటే 0.3 నుంచి 0.45 వరకు ఎక్కువ చూపిస్తుంది. మ్యాచ్‌కి ముందు తను వాడింది లోగో గేజీయే అని గుర్తని ఆండర్సన్ చెప్పాడు. ఆ మాట నిజమైతే విరామంలో కూడా అదే గేజీ అంకెలు తీసుకోవాలి, అప్పుడు సగటు 11.49, తగ్గిన గాలికి చలే కారణమనొచ్చు. లీగ్ నియమించిన లాయర్ టెడ్ వెల్స్ మాత్రం, రిఫరీ పొరబడి ఉంటాడు, లోగో లేనిదే వాడి ఉంటాడు అని నిర్ణయించాడు. మొదటి అంకెల విషయంలో అదే రిఫరీ జ్ఞాపకం వేదవాక్కు. గేజీ దగ్గరికొచ్చేసరికి అదే జ్ఞాపకం చెల్లని కాసు. వెల్స్ తన కారణాలు చెప్పాడు, ఆ కారణాలు బొత్తిగా కొట్టిపారేసేవి కూడా కావు. కోల్ట్స్ వాళ్లు తమ బంతుల్లో పెట్టామన్న గాలికి, రిఫరీ చూసిన అంకెకి పొంతన కుదరాలంటే లోగో లేని గేజీయే అయ్యుండాలని ఆయన తర్కం. కానీ రాతలో లేని కొలతని తర్కంతో పూడ్చి, దాని మీద ఒకరి పరువు నిలబెట్టడమో తీయడమో చేస్తే అది సందేహానికి అతీతం ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. పేట్రియాట్స్ బంతులు ముందు చూశారు, కోల్ట్స్ బంతులు తర్వాత. వెచ్చటి గదిలో ఉన్న ప్రతి నిమిషానికీ బంతి వేడెక్కి గాలి పెరుగుతుంది. కోల్ట్స్ బంతులకి ఆ లాభం దొరికింది. ఎన్ని నిమిషాల తేడా? టైము కూడా ఎవరూ సరిగా రాయలేదు.

అలాగని పేట్రియాట్స్ కడిగిన ముత్యాలనడం కుదరదు. లాకర్ రూమ్ అటెండెంట్ ఒకతను రిఫరీకి చెప్పకుండా బంతుల సంచులు పట్టుకెళ్లి, దారిలో బాత్రూంలో దూరి 1 నిమిషం 40 సెకన్లు గడిపాడు. అంతకు ముందు ఏడాది పంపిన ఒక మెసేజ్‌లో తనని తాను 'డిఫ్లేటర్' అని చెప్పుకున్నాడు. బరువు తగ్గడం గురించి అన్న మాట అది అని జట్టు ఇచ్చిన వివరణకి నవ్వనివాళ్లు తక్కువ. ఇక బ్రేడీ తన పాత ఫోన్‌ని విచారణ సమయంలోనే పగలగొట్టించాడు. ఫోన్ మార్చినప్పుడల్లా అలాగే చేస్తానని చెప్పుకున్నా, ఆ టైమింగ్‌కి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? కొలతలు నిలబడకపోయినా ఇవి అనుమానాన్ని బతికించే సాక్ష్యాలే. లీగ్ నిజాయితీగా ఇదే చెప్పి ఉంటే బాగుండేది: గాలి లెక్క తేలలేదు, కానీ బంతులు అనుమతి లేకుండా తీసుకెళ్లారు, విచారణకి సహకరించలేదు, అందుకు ఇంత శిక్ష. అలా చెప్పలేదు.

2015 మే 6న వెల్స్ 243 పేజీల నివేదిక వచ్చింది. అందులో అసలు మాట, జట్టు సిబ్బంది ఇద్దరు గాలి తీసి ఉండటానికే అవకాశం ఎక్కువని. బ్రేడీకి ఈ సంగతి కనీసం స్థూలంగా తెలిసే ఉంటుందని. 'ఉండొచ్చు' మీద ఇంకో 'ఉండొచ్చు'. దాని మీద పడిన శిక్ష చూడండి. బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, జట్టుకి పది లక్షల డాలర్ల జరిమానా, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016 మొదటి రౌండ్ ఎంపిక, 2017లో నాలుగో రౌండ్ ఎంపిక గల్లంతు. బంతుల స్థితిని మారిస్తే జరిమానా గురించి లీగ్ సొంత మాన్యువల్‌లో రాసి ఉన్న అంకె 25 వేల డాలర్లు. అంతకు మించి వేయకూడదని అందులో లేదు, నిజమే. కానీ ఆ మ్యాచ్‌కి రెండు నెలల లోపే, 2014 నవంబర్ 30న మిన్నెసోటా చలిలో రెండు జట్ల సిబ్బంది మైదానం పక్కనే హీటర్ల దగ్గర బంతులు కాచుకుంటూ టీవీలో దొరికిపోయారు. అదీ బంతిని మార్చడమే. లీగ్ ఏం చేసింది? అలా చేయకండని చెప్పి ఊరుకుంది.

మ్యాచ్ అయిన రెండు రోజులకి ఒక వార్త బయటికొచ్చింది. పన్నెండు బంతుల్లో పదకొండింట్లో రెండేసి పాయింట్లు గాలి తక్కువని. దేశమంతా అది నమ్మి తీర్పు చెప్పేసింది. అది తప్పు. విరామంలో రాసుకున్న అంకెలు లీగ్ దగ్గరే ఉన్నాయి, వాటిలో చాలా బంతులకి అంత తేడా లేదు. లీగ్ ఆ తప్పుని సరిదిద్దలేదు. పైగా జట్టుకి రాసిన ఉత్తరంలో ఒక బంతి 10.1కి పడిపోయిందని చెప్పింది, అదీ తప్పే. సరైన అంకెలు జనానికి తెలిసింది మే నెలలో నివేదిక వచ్చాకే. నాలుగు నెలలు ఒక అబద్ధపు అంకె ఊరేగింది. ఈ వ్యవహారం మొత్తంలో లీగ్‌ని క్షమించడానికి వీల్లేనిది ఏదైనా ఉందంటే ఇదే అనిపిస్తుంది. మిగతావి అజాగ్రత్తలు. ఇది మాత్రం తెలిసి నోరు మూసుకోవడం.

స్వతంత్ర విచారణ అన్నారు. నివేదిక చిత్తుప్రతిని లీగ్ సొంత న్యాయవాది జెఫ్ పాష్ ముందుగా చదివి అభిప్రాయాలు చెప్పాడని అప్పీలు విచారణలో తేలింది. వెల్స్ పనిచేసే లా సంస్థే అప్పీలులో లీగ్ తరఫున నిలబడింది. ఆ అప్పీలు విన్నది ఎవరు? శిక్ష వేసిన లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్. వాదీ ఆయనే, తీర్పరీ ఆయనే. 2015 జులై 28న తన శిక్షని తానే ఖాయం చేసుకున్నాడు. సెప్టెంబర్‌లో జడ్జి రిచర్డ్ బెర్మన్ దాన్ని కొట్టేశారు. 2016 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా మళ్లీ నిలబెట్టింది. చాలామంది దాన్ని 'బ్రేడీ దోషి అని కోర్టు చెప్పింది' అని చదువుకున్నారు. కోర్టు చూసింది గాలిని కాదు. ఆటగాళ్ల సంఘం, లీగ్ రాసుకున్న ఒప్పందం కమిషనర్‌కి ఆ అధికారం ఇచ్చిందా లేదా అన్నది మాత్రమే చూసింది. ఇచ్చింది కాబట్టి ఇచ్చిందంది. సంతకం పెట్టే ముందు చదువుకోవాల్సింది ఆటగాళ్ల సంఘం.

(ఆట సంగతి కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఆ మ్యాచ్‌లో విరామానికి పేట్రియాట్స్ 17-7తో ముందున్నారు. బంతుల్లో గాలి సరిగ్గా నింపి ఇచ్చాక రెండో సగంలో 28 పాయింట్లు చేసి, ఒక్కటీ ఇవ్వకుండా 45-7తో గెలిచారు.)

మనవాళ్లకి ఇలాంటిది కొత్తేం కాదు. 2001 నవంబర్‌లో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ టెస్టులో సచిన్ టెండూల్కర్ బంతి సీమ్ మీద మట్టి గీకాడని మ్యాచ్ రిఫరీ మైక్ డెనెస్ శిక్ష వేసినప్పుడు దేశమంతా భగ్గుమంది. అక్కడ కూడా చిక్కు ఇదే. మైదానంలో ఉన్న అంపైర్లు ఫిర్యాదు చేయలేదు. టీవీ దృశ్యాలు చూసి ఆరోపించింది రిఫరీ, విచారించింది రిఫరీ, తీర్పు చెప్పిందీ రిఫరీయే. తర్వాత ఐసీసీ, అది బంతి పాడుచేసినందుకు కాదు, అంపైర్‌కి చెప్పకుండా శుభ్రం చేసినందుకు అని సర్దుకుంది. అప్పుడు రోడ్డెక్కినవాళ్లలో ఎక్కువమంది సచిన్ కోసం ఎక్కారు, పద్ధతి కోసం కాదు. అదీ ఒప్పుకోవాలి.

2006 ఆగస్టులో ఓవల్ టెస్టు ఇంకా పెద్ద రచ్చ. బంతిని పాడుచేశారని అంపైర్లు పాకిస్తాన్ మీద ఐదు పరుగుల పెనాల్టీ వేశారు. టీ తర్వాత పాకిస్తాన్ మైదానంలోకి రాలేదు. టెస్టు చరిత్రలో మొదటిసారి ఒక జట్టు మ్యాచ్ వదులుకున్నట్టు ప్రకటించారు. అయితే ఆ తర్వాత జరిగింది గమనించాలి. ఆరోపణ చేసిన అంపైర్లు తీర్పు చెప్పలేదు. ఐసీసీ చీఫ్ రిఫరీ రంజన్ మదుగల్లే విచారణ జరిపారు, బంతి అందరి ముందూ ఉంది. బంతిని పాడుచేశారనడానికి ఆధారం చాలదని తేల్చి, మ్యాచ్ ఆపినందుకు మాత్రం కెప్టెన్ ఇంజమామ్‌పై నాలుగు వన్డేల నిషేధం వేశారు. రెండు తప్పుల్ని విడదీశారు. ఎన్ఎఫ్ఎల్ చేయనిది అదే. ఆ తర్వాత ఐసీసీ ఫలితాన్ని డ్రాగా మార్చి, మళ్లీ వెనక్కి మార్చి నవ్వులపాలైంది కానీ, అది వేరే కథ.

ఈమధ్య పక్క రాష్ట్రంలో దీనికి పూర్తిగా ఎదురు దారి చూశాం. 2025 జూన్‌లో తమిళనాడు ప్రీమియర్ లీగ్‌లో రవిచంద్రన్ అశ్విన్ కెప్టెన్‌గా ఉన్న దిండిగల్ జట్టు, రసాయనం పూసిన తువ్వాళ్లతో బంతి తుడిచిందని మదురై జట్టు ఫిర్యాదు చేసింది. లీగ్ ఆధారాలు తెమ్మని గడువు పెట్టింది, తేలేకపోతే ఫిర్యాదుదారు మీదే చర్య ఉంటుందంది. చివరికి ఆధారం లేదని కొట్టేసింది. తువ్వాళ్లు తమిళనాడు క్రికెట్ సంఘమే రెండు జట్లకీ ఇచ్చింది, మ్యాచ్ జరుగుతుండగా అంపైర్లకి అనుమానం రాలేదు అన్నది దాని జవాబు. జవాబు బాగానే ఉంది, ఎందుకంటే వస్తువు ఎవరి చేతిలో ఉందో చెప్పగలిగారు. కానీ ఆరోపించినవాడే ల్యాబ్ రిపోర్టు కూడా తేవాలంటే, బంతీ తువ్వాలూ తన చేతిలో లేనివాడు ఎక్కడి నుంచి తెస్తాడు? బెదిరింపు ముందు పెట్టి విచారణ తర్వాత పెడితే రేపు నిజంగా తప్పు చూసినవాడు కూడా మనకెందుకులే అని ఊరుకుంటాడు.

ఇది డెల్టాకి దూరపు ముచ్చటేం కాదు. ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో 2025లో భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ పేర్లతో జట్లు ఆడాయి. డబ్బు, వేలం, టీవీ వచ్చాక అనుమానం కూడా వస్తుంది. ఊళ్లో వాలీబాల్ టోర్నమెంట్‌లోనైతే రిఫరీ రెండు బొటనవేళ్లతో బంతిని నొక్కి, తక్కువనిపిస్తే సైకిల్ పంపుతో నాలుగు దెబ్బలు కొట్టించి 'కానివ్వండి' అంటాడు. రూల్ బుక్‌లో చదరపు సెంటీమీటరుకి 0.30 నుంచి 0.325 కిలోలు అని ఉంటుంది. ఆ బొటనవేలుకి అంత తేడా తెలియదు. ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే రెండు జట్లూ అదే బంతితో ఆడతాయి.

కొలతతో బతకడం ఈ నేలకి తెలిసిన విద్యే. గోదావరి పొంగినప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గంట గంటకీ అంకె, పక్కన టైము రాస్తారు. లంకల్లో వాళ్లు గొడ్లని ఎప్పుడు గట్టెక్కించాలో ఆ రాతని బట్టే. 'మొన్న సాయంత్రం పన్నెండు అడుగులున్నట్టు గుర్తు' అంటే అక్కడ ఎవరూ ఒప్పుకోరు.

ఎన్ఎఫ్ఎల్ కూడా చివరికి నేర్చుకుంది. 2015 సీజన్ నుంచి బంతులకి నంబర్లు వేసి, మ్యాచ్‌కి ముందు ప్రతిదాని గాలీ రాయడం, కొన్ని మ్యాచ్‌లలో విరామంలో మళ్లీ చూడటం మొదలుపెట్టింది. అంటే చలికి బంతిలో గాలి ఎంత తగ్గుతుందో తేల్చే లెక్క, ముందు ఏడాది లేనిది, మొదటిసారి దాని చేతికొచ్చింది. ఆ సీజన్‌లోనే 2016 జనవరి 10న మిన్నెసోటాలో ఒక మ్యాచ్ సున్నాకి 21 డిగ్రీల కింద మొదలైంది. వెచ్చటి గదిలో రూల్ ఒప్పుకునే అత్యధిక గాలి, 13.5 పాయింట్లు, పెట్టిన బంతి కూడా ఆ చలిలో పూర్తిగా చల్లబడితే తొమ్మిదిన్నర దాటదు. పేట్రియాట్స్ బంతుల్లో అతి తక్కువగా కనిపించింది పదిన్నర. ఆ సీజన్‌లో ఉల్లంఘనలేవీ లేవని గుడెల్ ప్రకటించాడు. అవి ఊరికే తనిఖీలు, పరిశోధన కాదు అన్నాడు. రాసుకున్న అంకెల్ని లీగ్ ఇప్పటిదాకా బయటపెట్టలేదు.